గ్యారిసన్‌ను పిల్లలకు పరిచయం చేసే వరస

అమెరికా బళ్లో బానిసత్వం పాఠం మొదలవగానే చాలా తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు "అది వాళ్ల చరిత్రలే" అని పక్కకు తప్పుకుంటారు. బానిసత్వాన్ని రద్దు చేయాలని పోరాడిన అమెరికన్ పత్రికా సంపాదకుడు విలియం లాయిడ్ గ్యారిసన్ దగ్గర ఆ మాట చెల్లదు. 1838లో బోస్టన్‌లో ఆయన రాసిన అహింసా ప్రకటనను టాల్‌స్టాయ్ తన పుస్తకంలో ఎత్తి చూపాడు. ఆ పుస్తకాన్ని గాంధీ దక్షిణాఫ్రికాలో చదివాడు.

అయినా ఈ ముక్కతో మొదలుపెట్టకండి. "అమెరికన్ గాంధీ" అనే శీర్షిక ప్రాజెక్టు బోర్డు మీదికి ఎక్కిందంటే పిల్లలు ఇంకేమీ చదవరు.

పదేళ్ల వాళ్లకు అచ్చాఫీసు చాలు. గ్యారిసన్ పదమూడో ఏట న్యూబరీపోర్ట్‌లో పత్రిక అచ్చుపనికి కుదిరాడు. 1831 జనవరి 1న బోస్టన్‌లో 'లిబరేటర్' వారపత్రిక మొదలుపెట్టి, 1865 డిసెంబరు చివర్లో, బానిసత్వం రద్దయ్యాకే ఆపాడు. ఎన్ని సంచికలో పిల్లల్నే లెక్క కట్టమనండి: 35 ఏళ్లు, ఏడాదికి 52, మొత్తం 1820. తొలి చందాదారుల్లో ఎక్కువమంది స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లు. ఈ సంగతి వదిలేస్తే మిగిలేది తెల్లదొర ఉద్ధరింపు కథే. బోస్టన్ వెళ్తే కామన్వెల్త్ అవెన్యూలో ఆయన విగ్రహం కన్నా ముందు బీకన్ హిల్‌లోని ఆఫ్రికన్ మీటింగ్ హౌస్ చూపించండి. 1832లో ఆయన బానిసత్వ వ్యతిరేక సంఘం పుట్టింది అక్కడే. ఉత్తరాది మంచిది, దక్షిణాది చెడ్డది అనే పంపకం కూడా నిలవదు: 1835లో గుంపు ఆయనకు తాడు కట్టి వీధుల్లో లాక్కెళ్లింది ఆ బోస్టన్‌లోనే.

పదమూడు, పద్నాలుగేళ్లకు అసలు చిక్కు వస్తుంది. 1854 జులై 4న ఫ్రేమింగ్‌హామ్ సభలో గ్యారిసన్ రాజ్యాంగాన్ని తగలబెట్టాడు. ఓటు వేయడం కూడా తప్పన్నాడు. వీసా భయంతో బతికే ఇంట్లో ఈ మాట రాగానే "ఇవన్నీ బయట మాట్లాడకు" అంటాం. అంతకన్నా రాజ్యాంగమే తెరవడం నయం. మొదటి అధికరణం రెండో సెక్షన్‌లో బానిసను మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కించారు. నాలుగో అధికరణం రెండో సెక్షన్ పారిపోయినవాళ్లను తిరిగి అప్పగించమంది. అదే రాజ్యాంగం బానిసత్వానికి వ్యతిరేకమని 1851లో వాదించి, బానిసత్వం నుంచి తప్పించుకుని నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్ గ్యారిసన్‌తో విడిపోయాడు. బిడ్డ చేత రెండు పక్షాలూ వాదించండి. డగ్లస్ వాదనకే బలం ఎక్కువనిపిస్తుంది, అయితే తీర్పు మాత్రం ముందే చెప్పకండి.

"మన దగ్గర ఇలాంటిది ఉండేదా?" అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. కులమూ అమెరికా బానిసత్వమూ ఒకటే అనక్కర్లేదు. అక్కడ మనుషుల్ని వేలంలో అమ్మారు. కానీ జ్యోతిరావు ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికన్లకే అంకితమిచ్చాడు. అది చెప్పి, ఊళ్లో ఉన్న తాతయ్యకు ఫోన్ చేయించండి. "కులం గురించి చెప్పండి" అంటే ఉపన్యాసం వస్తుంది. "మీ చిన్నప్పుడు ఊరి బావిలో ఎవరిని నీళ్లు తోడుకోనిచ్చేవారు కాదు?" అని అడిగితే పేటల పేర్లు వస్తాయి. ఆయన మాట మారిస్తే అమ్మమ్మను విడిగా అడగాలి.