ఎనిమిదో కారణం

మూడు వారాల దగ్గు, సాయంత్రపు జ్వరం తర్వాత తెమడ పరీక్షలో క్షయ అని తేలిన రోజున, తార్నాకలోని మా ఇంట్లో అమ్మ నోట మొదట వచ్చిన మాట, "ఏ జన్మల ఏం జేసినమో బిడ్డా" అని. అది నన్ను ఓదార్చలేదు సరికదా, చేతులు కట్టేసినట్టయింది. అంతా ముందే తేలిపోయి ఉంటే ఆరు నెలలు మందులు మింగడం ఎందుకు?

మంచం పట్టిన రోజుల్లో బుద్ధుని బోధల సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలోని శివకుని ప్రశ్న కంటబడింది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలాలేనా అని ఆ పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదంటాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసిన సన్నిపాతం, ఋతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బలు అని ఏడింటిని చెప్పి, కర్మఫలాన్ని ఎనిమిదోదిగా చివరన ఉంచుతాడు. అలాంటిదే మరో సంకలనమైన అంగుత్తర నికాయంలోనైతే, అంతా గతం వల్లే అని నమ్మేవారికి చేయదగినది, చేయరానిది అనే ఎరుకగానీ ప్రయత్నంగానీ మిగలవని తేల్చేస్తాడు. అలాగని ఏ కారణానికీ లోబడని కర్త ఒకడు లోపల ఉన్నాడనీ అనడు; చేతననే, అంటే సంకల్పాన్నే, కర్మ అంటాడు.

ఈ సంగతి నాకు నిజంగా అర్థమైంది మూడో నెలలో. జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, మాత్రల వాసనకే కడుపులో తిప్పుతోంది, మానేద్దామనిపించింది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని, అవి నా ఒంట్లోనే ఆగవని తెలుసు. నా మూలంగా తమ్ముడి నాలుగేళ్ల కూతురు అప్పటికే నివారణ మందు వేసుకుంటోంది. ఆ పిల్ల మొహం చిట్లించుకుని మింగడం రోజూ చూస్తున్నాను. క్రిమి సోకడం నా చేతిలో లేదు, వికారమూ లేదు. ఆ పూట గ్లాసు ఎత్తడం మాత్రం ఉంది. శీలమంటే అంతకు మించి నాకేమీ తోచలేదు.

దేహానికి తగిలే బాణం మీద వగపు అనే రెండో బాణాన్ని తగలనివ్వనివాడే జ్ఞాని అంటారు. నాకు రెండూ తగిలాయి, బోధి నాకు చాలా దూరం.

చివరి పరీక్షలో క్రిములు లేవని తేలాక అమ్మకు ఆ ఎనిమిదీ వినిపించాను. అన్నీ శ్రద్ధగా విని, "ఎనిమిదీ ఒక్కసారే పట్టినట్టున్నయ్ నీకు" అంది.