కాలవ ఈత వేరు, కెరటం మీద నిలబడటం వేరు

కోనసీమలో పుట్టినవాళ్ళకి ఒక ధీమా: చిన్నప్పట్నుంచీ కాలవలో ఈదుతున్నాం, సముద్రం ఎంతలే అని. నాకూ ఉండేది. సర్ఫింగ్‌లో ఆ ఈత అక్కరకొచ్చేది బోర్డు మీంచి పడ్డాకే.

మొదటి పాఠాలు మన ఒడ్డున పెట్టుకోకండి. నేర్పేవాళ్ళు రుషికొండలో ఉన్నారు, చెన్నై దగ్గర కోవళంలో ఉన్నారు. కేరళ కోవళం కాదు, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదది. నేను అక్కడ మూడు పొద్దులు నేర్చుకుని, ఆ తర్వాతే తోడు మనిషితో మన కోనసీమ ఎస్.యానాం తీరంలో దిగాను.

బోర్డు 8 లేదా 9 అడుగుల ఫోమ్‌ది అడగండి. పొట్టిది చూడ్డానికి బావుంటుంది, కొత్తవాళ్ళని మోయదు. లీష్, అంటే బోర్డుని కాలికి కలిపే తాడు, వెనక కాలి చీలమండకి కట్టాలి. ఏది వెనక కాలు? చెప్పకుండా వెనకనించి ఎవరైనా తోస్తే ముందు పడే కాలు ముందుది, రెండోది వెనకది. ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని మాత్రం రావద్దు. బోర్డంతా జారుడుబండ అవుతుంది, జారకుండా దాని మీద రుద్దిన మైనం కూడా ఆగదు. బనీను బదులు ఒంటికి అతుక్కునే లైక్రా చొక్కా వేసుకోండి. లేకపోతే గంటలో పొట్ట, రొమ్ము ఒరుసుకుపోతాయి.

లేచి నిలబడటం ముందు ఇసకలోనే 20, 30 సార్లు చెయ్యాలి. బోర్లా పడుకుని, అరచేతులు పక్కటెముకల పక్కన, బోర్డు మీద బల్లపరుపుగా ఆనాలి. అంచులు పట్టుకుంటే బోర్డు పక్కకి తిరగబడుతుంది. రొమ్ము ఎత్తి, ఒక్క ఊపులో పాదాలు ఒంటి కిందకి లాక్కోవాలి. మోకాళ్ళ మీద ఆగడం అలవాటైతే వదలదు, నాకు రెండో రోజంతా దానితోనే సరిపోయింది.

నీళ్ళలో నడుం లోతు చాలు, విరిగి నురగయ్యాక వచ్చే కెరటమే మీది. పడుకున్నప్పుడు బోర్డు ముక్కు నీటికి నాలుగు వేళ్ళ ఎత్తులో ఉందా చూడండి. ముందుకి జరిగి ఉంటే ముక్కు మునిగి మీరు పల్టీ కొడతారు. మరీ వెనక్కి ఉంటే కెరటం కిందనించి జారిపోతుంది, చేతులతో ఎంత తెడ్డేసినా అందదు. లేచాక కాళ్ళకేసి చూశారా, పడ్డట్టే. చూపు ఒడ్డున ఏ తాటిచెట్టు మీదో ఉండాలి. పడేటప్పుడు వెల్లకిలా, పరుచుకుని పడాలి. కాలవలోకి దూకినట్టు తలకిందులుగా వద్దు, అడుగున ఇసక దిబ్బ ఎక్కడుందో తెలీదు. పైకి తేలేటప్పుడు చేతులు తలకి అడ్డం. బోర్డు ఎప్పుడూ మీకూ కెరటానికీ మధ్య ఉండకూడదు.

ఇక మన తీరం సంగతి. కాకినాడ ఎదర హోప్ ఐలాండ్ అడ్డం ఉంది, అక్కడ కెరటమే ఉండదు. ఉప్పాడలో తీరం కోతకి అడ్డంగా వేసిన బండరాళ్ళున్నాయి, వద్దు. అంతర్వేది, ఓడలరేవు దగ్గర నదీ ముఖాల్లో పాటు సమయంలో, అంటే నీరు సముద్రంలోకి తీసేటప్పుడు, లాగుడు ఎక్కువ. ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఆ వారం బోర్డు ముట్టుకోవద్దు, వరదలో దుంగలు కొట్టుకొస్తాయి.

నురగ లేకుండా నల్లగా, నెమ్మదిగా కనిపించే సందు ఉంటుంది చూడండి, కొత్తవాళ్ళు అదే మంచి చోటనుకుంటారు. దిబ్బ మీదకి కెరటాలు తోసిన నీరంతా వెనక్కి పోయే దారి అది. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకండి. బోర్డు వదలకుండా ఒడ్డు వెంబడి పక్కకి తెడ్డేసి, నురగలోకి వచ్చాక తిరగండి.

గాలి లేవకముందు, తెల్లారి 6 నుంచి 8 దాకా నీళ్ళు నున్నగా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం కాబట్టి రద్దీ తక్కువ. అయినా అలివి వల, అంటే ఒడ్డున నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వల, లాగుతుంటే దూరంగా ఉండండి, ఆ తాడుకి లీష్ చుట్టుకుంటే ఇద్దరికీ నష్టం.

ఇంటికొచ్చాక బోర్డు మంచినీళ్ళతో కడిగి నీడలో పెట్టాలి, ఎండకి ఫోమ్ పొంగుతుంది. నీడ కదా అని కొబ్బరిచెట్టు కింద పెట్టేరు, కాయ పడితే సొట్టే.