గేట్‌లో డీబీఎంఎస్: ముందు కాడ్, తర్వాతే ఎస్‌క్యూఎల్

గుంటూరు బ్రాడీపేటలో రూమ్ తీసుకుని గేట్‌కి (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) చదువుతున్న రోజుల్లో చుట్టూ ఎక్కువగా వినిపించిన మాట, ‘డీబీఎంఎస్ ఈజీ, చివర్లో చూసుకుందాం’ అని. డీబీఎంఎస్ అంటే డేటాను దాచి, అడిగినప్పుడు వెతికిపెట్టే సిస్టమ్‌ల సబ్జెక్ట్. దయచేసి అలా వదిలేయకండి. సబ్జెక్ట్ ఈజీనే. మార్కులు పోయేది మాత్రం మనకు బాగా వచ్చనుకున్న చోటే.

ముందు ఈ సబ్జెక్ట్‌కి పునాది అయిన రిలేషనల్ మోడల్ (డేటాను టేబుళ్లుగా చూసే పద్ధతి) ఎందుకు పుట్టిందో తెలుసుకోండి. ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ 1970లో దీన్ని ప్రతిపాదించారు. అంతకుముందు డేటా కావాలంటే అది ఏ దారిలో దొరుకుతుందో ప్రోగ్రామర్ అడుగడుగునా చెప్పాల్సి వచ్చేది. కాడ్ పద్ధతిలో ఏం కావాలో చెబితే చాలు, దారి సిస్టమే వెతుక్కుంటుంది. ఇన్నేళ్లయినా బ్యాంకులు, రిజర్వేషన్లు దీన్ని వదలకపోవడానికి ట్రాన్సాక్షన్లతో (పని పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదనే పద్ధతి) పాటు ఇదీ ఒక పెద్ద కారణం.

నార్మలైజేషన్‌ని, అంటే ఒకే సమాచారం పదేపదే రాయకుండా టేబుళ్లను విడగొట్టడాన్ని, నిర్వచనాలుగా బట్టీ పట్టొద్దు. మన మిర్చి యార్డునే తీసుకోండి. లాట్ నంబర్, రైతు, టిక్కీలు (మిర్చి బస్తాలు), కమిషన్ ఏజెంట్, ఏజెంట్ ఫోన్ అన్నీ ఒకే టేబుల్‌లో పెడితే, ఫోన్ మారినప్పుడు ఆ ఏజెంట్ ఉన్న ప్రతి వరసా దిద్దాలి. ఆయన చివరి లాట్ తీసేస్తే నంబరే పోతుంది. దీనికి కారణం ట్రాన్సిటివ్ డిపెండెన్సీ: లాట్ నంబర్‌ని బట్టి ఏజెంట్, ఏజెంట్‌ని బట్టి ఫోన్ తెలుస్తాయి. ఏజెంట్‌కి వేరే టేబుల్ పెడితే 3ఎన్‌ఎఫ్ (థర్డ్ నార్మల్ ఫామ్) వచ్చేస్తుంది. బీసీఎన్‌ఎఫ్ (బాయిస్-కాడ్ నార్మల్ ఫామ్) ఇంకా కట్టుదిట్టమైనదే, కానీ టేబుళ్లు అలా విడగొట్టాక డిపెండెన్సీలన్నీ నిలుస్తాయన్న హామీ లేదు. ఈ తేడా మీద ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు.

అసలు ప్రమాదం ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష) ఉంది. కాడ్ మోడల్‌లో రిలేషన్, అంటే టేబుల్, ఒక సెట్; అందులో డూప్లికేట్లు ఉండవు. ఎస్‌క్యూఎల్ మాత్రం మిర్చి రకాలు అడిగినప్పుడు డిస్టింక్ట్ అనకపోతే ‘తేజ’ రకాన్ని ఎన్ని లాట్లు ఉంటే అన్నిసార్లూ చూపిస్తుంది. వరసలు లెక్కపెట్టమనే న్యూమరికల్ ప్రశ్నలో జవాబే మారిపోతుంది.

నల్, అంటే విలువ తెలియని ఖాళీ గడి, ఇంకా ప్రమాదం. ఒక్క లాట్ కూడా తేని రైతులు కావాలని నాట్ ఇన్‌తో (ఈ జాబితాలో లేనివి ఇవ్వు అనే షరతు) అడిగామనుకోండి. లాట్ల టేబుల్‌లో ఒక్క వరసలో రైతు ఐడీ నల్ ఉన్నా చాలు, ఫలితం ఖాళీ. నల్‌తో ఏది పోల్చినా వచ్చేది అన్‌నోన్, అది ట్రూ కాదు కాబట్టి ఒక్క రైతూ బయటికి రాడు. అదే నాట్ ఎగ్జిస్ట్స్‌తో (అలాంటి వరస ఒక్కటీ లేకపోతే అనే షరతు) రాస్తే సరైన జాబితా వస్తుంది. కౌంట్ స్టార్, అంటే COUNT(*), అన్ని వరసల్నీ లెక్కపెడుతుంది, కాలమ్ పేరు ఇస్తే నల్‌లను వదిలేస్తుంది.

ఎంఎస్‌క్యూల్లో (ఒకటి కంటే ఎక్కువ సరైన ఆప్షన్లు ఉండగల ప్రశ్నలు) నెగెటివ్ లేదు, కానీ పార్షియల్ మార్కులూ లేవు. ఇలాంటి ఒక్క ఆప్షన్ తప్పితే ప్రశ్న మొత్తం పోయినట్టే. అందుకే ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వేసుకుని, ఒక నల్ పెట్టి, నాట్ ఇన్, నాట్ ఎగ్జిస్ట్స్ క్వెరీలు రెండూ ఈ రోజే నడిపి చూడండి. ల్యాప్‌టాప్ లేకపోతే కాగితం మీద ప్రతి వరసకూ ట్రూ, ఫాల్స్, అన్‌నోన్ రాసుకుంటూ వెళ్లండి. పరీక్ష హాల్లో రఫ్ షీట్ మీద చేయాల్సిందీ అదే.