సున్నా వచ్చిందని చాప్టర్ తీసేయబోయాను

పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలోని మహిళా సంఘాల మీద నా పీహెచ్‌డీ. సంఘం మీటింగులకు తప్పకుండా వెళ్లే ఆడవాళ్లకు ధైర్యం పెరుగుతుందని, ఆ ధైర్యంతో ఇంటి నిర్ణయాల్లో వాళ్ల మాట చెల్లుతుందని నా ఊహ. మధ్యలో ఉన్న ఆ ధైర్యమే మీడియేటర్.

హన్మకొండలోని అద్దెగదిలో కూర్చుని లెక్క వేస్తే మీటింగులకూ ఇంటి నిర్ణయాలకూ సంబంధమే కనిపించలేదు. మధ్యలో మీడియేటర్ పనిచేస్తోందా (అదే మీడియేషన్) అని చూడటానికి 1986లో బారన్, కెన్నీ చెప్పిన పద్ధతిలో ఆ సంబంధం కనిపించడమే మొదటి మెట్టు. అక్కడ ఆగిపోతే మీడియేషన్ మాట ఎత్తకూడదు. "ఆ చాప్టర్ తీసెయ్యమ్మా" అన్నారు గైడ్ సార్. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఊళ్లలో రాసుకున్న నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక అక్క అన్న మాట దొరికింది: "మీటింగుకు పోతే నోరు లేస్తది చెల్లె. అప్పు తెచ్చినంక కిస్తీ కట్టేటప్పుడు ఆ నోరే మూతపడ్తది."

దారులు రెండున్నాయన్నమాట! ధైర్యం దారిలో మీటింగు నుంచి ధైర్యానికి 0.4, ధైర్యం నుంచి మాట చెల్లడానికి 0.5 అనుకుందాం, గుణిస్తే 0.2. అప్పు దారిలో 0.5ను −0.4తో గుణిస్తే −0.2. కలిపితే సున్నా. ఆ అక్క జీవితంలో మాత్రం రెండూ జరిగాయి. మొత్తం ప్రభావం కనిపించి తీరాలన్న షరతు అక్కర్లేదని, ఒక్కో దారి గుండా వచ్చే పరోక్ష ప్రభావాన్నే, అంటే ఆ గుణకారాన్నే, పరీక్షించాలని 2010లో జావో, లించ్, చెన్ రాసిన వ్యాసం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపిగ్గా చదివి ఒప్పుకున్నారు.

ఆ పరీక్షకు వాడే పాత పద్ధతి సోబెల్ టెస్ట్ వద్దనుకున్నాను. రెండు అంచనాల గుణకారం గంట ఆకారంలో సమానంగా పరుచుకుంటుందని అది నమ్ముతుంది, కానీ చాలాసార్లు ఆ గుణకారం ఒకవైపు ఒరుగుతుంది. బూట్‌స్ట్రాప్ అనే పద్ధతికి ఆ నమ్మకం అక్కర్లేదు. డబ్బాలోంచి ఒక చీటీ తీసి, పేరు రాసుకుని, మళ్లీ అందులోనే వేసి ఇంకొకటి తీసినట్టు, నా శాంపిల్ నుంచే అంతే సైజున్న శాంపిల్‌ను 5000 సార్లు తీశాను. ప్రతిసారీ వచ్చిన గుణకారాల్లో మధ్య 95 శాతం ఎక్కడుందో చూశాను. రెండు దారుల్లోనూ సున్నా ఆ హద్దుల బయటే ఉంది, అంటే ఏ దారి ప్రభావమూ సున్నా కాదని చెప్పొచ్చు. చాప్టర్ నిలబడింది.

అయినా ఒక బెంగ పోలేదు. అన్ని ప్రశ్నలూ ఒకే రోజు అడిగాను. ధైర్యం వల్ల మాట చెల్లిందా, మాట చెల్లడం వల్ల ధైర్యం వచ్చిందా? ఎన్ని వేలసార్లు బూట్‌స్ట్రాప్ చేసినా అది తేలదు. ఇంట్లో అత్తగారి తీరు రెండింటినీ మార్చగలదు, దాని గురించి నేను అడగనే లేదు. అందుకే థీసిస్‌లో 'కారణం' అన్న చోటల్లా 'సంబంధం' అని మార్చాను.

ఇప్పుడు అవే ఊళ్లకు రెండో విడత వెళ్తున్నాను. ఈసారి ప్రశ్నపత్రంలో అత్తగారూ ఉన్నారు.