కల్పించి తీసిన ఛాయాచిత్రం

ఛాయాచిత్రం ఉన్నది ఉన్నట్టే చూపాలన్న పట్టుదల నాకు రుచించదు. ఈ కళ తొలినాళ్లలోనే, 1840లో, ఇప్పొలీత్ బయార్ అనే ఫ్రెంచివాడు నీట మునిగి చనిపోయినవాడిలా కూర్చుని తన చిత్రాన్ని తానే తీసుకుని, ఫొటో తీసే పద్ధతి ఒకటి కనిపెట్టినా తనకు దక్కని ప్రభుత్వ గుర్తింపును ఎత్తిపొడుస్తూ దాని వెనుక నాలుగు మాటలు రాసిపెట్టాడు.

మన బెంగళూరులో ఈ పద్ధతిని చాలా దూరం తీసుకువెళ్లినవారు ఎన్. పుష్పమాల. శిల్పకళ నుంచి ఇటు వచ్చిన ఆమె, ఛాయాచిత్రకారిణి క్లేర్ ఆర్నీతో కలిసి 2000–2004 మధ్య చేసిన చిత్రమాలికలో దక్షిణాది స్త్రీల రూపాలను తానే ధరించారు. ఒకచోట ఆమె రవివర్మ పటంలోని లక్ష్మి. మరొకచోట, వలస పాలన కాలపు మానవశాస్త్రజ్ఞులు శరీరాలను కొలవడానికి వాడిన గళ్ల తెర ముందు నిలబడిన గిరిజన స్త్రీ. ఈ రెండోది నన్ను ఎక్కువసేపు నిలిపింది, ఎందుకంటే ఆ గళ్ల ముందు నిలబడాలన్న నిర్ణయం ఈసారి ఆ స్త్రీదే, కెమెరా ఎక్కడ ఉండాలన్న ఆలోచనలోనూ ఆమెకు వాటా ఉంది.

(మన ఇళ్లలోని పాత స్టూడియో ఫొటోలూ ఇలాంటివే కదా: వెనుక రంగుల తెర, పక్కన ఎవరూ చదవని పుస్తకం.)

ఒక్క చిత్రంలో ముందూ వెనుకా జరిగింది చెప్పే వీలు లేదు కనుక, కథ భారమంతా చీరకట్టు మీద, చేతిలోని వస్తువు మీద, చూపు మళ్లిన దిక్కు మీద పడుతుంది.