లేయర్ కోళ్ళకు మేత మేమే కలుపుకోవడం: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

గుడ్ల కోళ్ళు పెంచే ఇంట్లో రోజూ రాసుకునే లెక్క ఒక్కటే, ఇవాళ ఎన్ని గుడ్లు వచ్చాయని. ఆ అంకె బాగుంటే అందరూ నిశ్చింతగా ఉంటారు. పోయిన వేసవిలో మా పుస్తకంలో అంకె పెద్దగా తగ్గలేదు. కానీ ట్రేలలో పగుళ్ళు ఎక్కువయ్యాయి. వేలితో నొక్కితే లొంగిపోయే పెంకులు, కొన్ని గుడ్లకైతే అసలు పెంకే లేక ఉత్త పొరతోనే బయటికి వచ్చేవి. కొట్టువాళ్ళు ట్రే తిరగేసి చూసి, పగిలినవి వెనక్కి ఇవ్వడం మొదలుపెట్టారు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగర్ వెళ్ళే దారిలో ఒక ఊరు. నా పుట్టిల్లు మహేంద్రతనయ నది అవతల, పాతపట్నం వైపు. షెడ్డులో వరి ఊక పరిచిన నేల మీద తెల్ల లేయర్లు కొన్ని వందలు ఉంటాయి. పెరట్లో విడిగా తిరిగే గ్రామప్రియ కోళ్ళు కొన్ని ఉన్నాయి. హైదరాబాదులోని కేంద్ర కోళ్ళ పరిశోధనా సంస్థ తయారుచేసిన రకం అది. చిత్రమేమిటంటే, అదే ఎండలో అవే నీళ్ళు తాగిన పెరటి కోళ్ళ గుడ్లకు పెంకు గట్టిగానే ఉంది.

ఈ తేడా చెప్పగానే పశువుల డాక్టరుగారు మందుల మాట ఎత్తలేదు. కోళ్ళకు ఏం పెడుతున్నారు, ఏ వేళకు పెడుతున్నారు అని అడిగారు. ఆయన ఒడియాలో వివరంగా చెప్పింది నా మాటల్లో రాస్తాను. ఒక్క గుడ్డు పెంకులో రెండు గ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. కోడి తిన్న కాల్షియంలో సగం, మహా అయితే ఇంకాస్త ఎక్కువ ఒంటికి పడుతుంది. అంటే రోజుకు నాలుగు గ్రాములైనా లోపలికి వెళ్ళాలి. రోజుకు 110 గ్రాముల మేత తినే కోడికి ఆ మేతలో మూడున్నర నుంచి నాలుగు శాతం కాల్షియం లేకపోతే ఆ లెక్క కుదరదు. కుదరనప్పుడు కోడి వెంటనే గుడ్డు పెట్టడం మానదు, తన ఎముకల్లోంచి తీసి పెంకుకు పోస్తుంది. కాలి ఎముకల లోపల దానికోసమే ఒక నిల్వ ఉంటుంది, కరువుకు దాచుకున్న గాదె లాగా. అది ఖాళీ అవుతున్నంతసేపూ గుడ్లు వస్తూనే ఉంటాయి. ఆ తర్వాత కోడి కాళ్ళు పట్టుతప్పి మూలన కూలబడుతుంది.

మా షెడ్డులో అప్పటికే అలా కూర్చుండిపోయిన కోళ్ళు ఉన్నాయి. డాక్టరుగారు ఒకదాన్ని ఎత్తి రొమ్ము ఎముక తడిమి, నా చెయ్యి పట్టించి చూపించారు. ఎముక వంకర తిరిగి ఉంది. నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజులూ అది గుడ్డు పెడుతూనే ఉంది.

మేము వాడే రెడీమేడ్ మేత బస్తా మీద కాల్షియం శాతం సరిపడానే రాసి ఉంది. అయినా ఎందుకు చాలలేదంటే రెండు కారణాలు. ఒకటి ఎండ. మే నెలలో కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పుతున్నప్పుడు రక్తంలోంచి కార్బన్ డయాక్సైడు ఎక్కువగా బయటికి పోతుంది, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేటు తగ్గిపోతుంది. దానికితోడు వేడికి మేత తినడమే తగ్గిస్తుంది. 110 గ్రాములు తినాల్సింది 85 గ్రాములే తింటే, బస్తా మీద శాతం ఎంతుంటే ఏం లాభం?

రెండో కారణం నేను ఎప్పుడూ వినలేదు. పెంకు ఎక్కువగా రాత్రిపూటే తయారవుతుంది. గుడ్డు పెంకు సంచిలో 20 గంటల దాకా ఉంటుంది. మేతలో కాల్షియం అంతా మెత్తటి రాతిపిండి రూపంలో ఉంటే సాయంత్రం తిన్నది తొందరగా కరిగి, అర్ధరాత్రికి పేగుల్లో ఏమీ మిగలదు. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పలుకులుగా ఉంటే కందనకాయలో నిలిచి, తెల్లవారేదాకా కొద్దికొద్దిగా అందుతుంది. అందుకని సున్నపురాయి పలుకులో, దంచిన ఆల్చిప్పల ముక్కలో మధ్యాహ్నం మూడు దాటాక విడిగా పెట్టమన్నారు.

తమ్ముడు కళింగపట్నం వైపు నుంచి ఆల్చిప్పలు తెచ్చి ఇచ్చాడు. శుభ్రంగా కడిగి ఎండబెట్టి రోట్లో దంచి, వేరే తొట్లలో పెట్టాం. ఆ సాయంత్రం నేను చూసింది ఎవరికైనా చూపించాలనిపించేంత బాగుంది. గుడ్లు పెట్టే కోళ్ళు మేత తొట్టి వదిలేసి ఆ ముక్కల మీద పడ్డాయి. పక్క గదిలో ఇంకా గుడ్డుకు రాని పెట్టలకూ కొంచెం పెట్టి చూస్తే, అవి ఒకటి రెండు ముక్కలు పొడిచి వదిలేశాయి. దేనికి ఎంత కావాలో దానికి తెలుస్తోంది! పెరటి కోళ్ళ రహస్యమూ ఇదే. అవి రాళ్ళు, నత్తగుల్లలు, పురుగులు వెతుక్కుని తింటాయి, పైగా ఏడాదికి పెట్టే గుడ్లు కూడా షెడ్డు కోళ్ళ కంటే చాలా తక్కువ. షెడ్డు కోడికి మనం తొట్టిలో పోసిందే లోకం. అది పెట్టేది ఏడాదికి 300 గుడ్లు.

మేత వేళలు కూడా మార్చాం. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు సగం, సాయంత్రం మిగతాది. నీళ్ళ ట్యాంకు మీద తాటాకులు కప్పాం. కోడి మేత కంటే రెట్టింపు బరువు నీళ్ళు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. నీళ్ళు వేడెక్కితే తాగదు, తాగకపోతే తినదు. డాక్టరుగారు చెప్పిన మోతాదులో ఎండ ముదిరిన రోజుల్లో తినే సోడా (సోడియం బైకార్బొనేటు) కూడా వాడాం.

పెంకు బాగుపడుతోందో లేదో చూసుకోవడానికి ఉప్పునీళ్ళ పరీక్ష నేర్పారు. బకెట్ నీళ్ళలో సాంద్రత కొలిచే పరికరం (హైడ్రోమీటరు) 1.080 చూపించేదాకా ఉప్పు కలిపి, ఆ రోజు పెట్టిన గుడ్లనే వెయ్యాలి. తేలినవి పల్చటి పెంకువి. నిల్వ గుడ్డులో గాలి గది పెరుగుతుంది కాబట్టి దానికి ఈ పరీక్ష పనికిరాదు. మొదట్లో సగానికి పైగా తేలేవి. వానలు మొదలయ్యేనాటికి చాలావరకు మునిగాయి.

ఇక్కడ మా మావయ్యగారి మాట చెప్పాలి. చోళ్ళు (రాగులు) తింటే ఎముక గట్టిపడుతుంది కదా, కోళ్ళకు చోళ్ళే పెట్టండి, ఈ రాళ్ళూ రప్పలూ ఎందుకు అనేవారు. మా కొండ ప్రాంతంలో చోడి పంటకు కొదవ లేదు, ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ పెట్టాక సాగు మీద ఇంకా ఉత్సాహం వచ్చింది. మనుషులకు ఆయన మాట నిజమే. కానీ వంద గ్రాముల చోళ్ళలో ఉండే కాల్షియం గ్రాములో మూడో వంతు. కోడికి కావాల్సింది నాలుగు గ్రాములు. ఏ ధాన్యమూ అంత ఇవ్వలేదు. పలక మీద రాసి చూపిస్తే ఆయన ఒప్పుకున్నారు, చోళ్ళ మీద ఆశ మాత్రం వదల్లేదు.

పెంకు గొడవ సర్దుకునేసరికి వానలు దిగాయి, అసలు కష్టం అప్పుడొచ్చింది. మేత లారీ ఆలస్యమై వచ్చింది, వచ్చిన బస్తాల్లో కొన్నిటి అడుగున మేత గడ్డలు కట్టి ముక్క వాసన వేస్తోంది. అమ్మినాయన ఎండలో ఆరబెట్టి వాడుకోమన్నాడు. మంచి బస్తాలే ముందు విప్పినా, వాటిలోనూ పాడైన మొక్కజొన్న కలిసినట్టుంది. కోళ్ళు మేత తగ్గించాయి. జుట్లు పాలిపోయాయి. గుడ్డు చిన్నదైంది, ఆ తర్వాతే లెక్క తగ్గింది. కొన్ని చచ్చిపోయాయి. డాక్టరుగారు కోసి చూపిస్తే కాలేయం ఎర్రగా ఉండాల్సింది పసుపు తిరిగి, పట్టుకుంటే చిట్లిపోయేలా ఉంది. మేతలో బూజు విషం, అఫ్లాటాక్సిన్ అన్నారు.

ఈ విషయంలో తోటి రైతులకు గట్టిగా చెప్పదలచుకున్నాను. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది, విషం పోదు. వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. మా అత్త ఆ బస్తాలు పారేయడమెందుకు, ఆవుకు పెడదాం అంది. ఆవుకు పెడితే ఆ విషం మారిన రూపంలో పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మన పిల్లలే. గొయ్యి తీసి పాతిపెట్టాం. ఆ డబ్బు పోయినందుకు బాధ ఉంది, పాతినందుకు లేదు. బైండరు (మేతలోని బూజు విషాన్ని పట్టి ఉంచే పొడి), కాలేయం టానిక్ వాడుతూ మంచి మేతకు మార్చాక కోళ్ళు తేరుకున్నాయి, కానీ చాలా నెమ్మదిగా.

అప్పుడే మేత మేమే కలుపుకుందామని నిర్ణయించుకున్నాం. ఎంత ఖరీదు పడుతుందన్నది రెండో మాట, లోపల ఏముందో కళ్ళతో చూడొచ్చన్నది మొదటిది.

అన్నిటికంటే కష్టం మొక్కజొన్న కొనడం. మా వైపు మోహన, ఆర్.ఉదయగిరి కొండల్లో పండే మొక్కజొన్న కోతకొచ్చే రోజులే తుఫాన్ల రోజులు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ జిల్లా ఎలా తడిసిందో అందరికీ గుర్తే. తేమ 13 శాతం దాటిన గింజ నిల్వలో బూజు పడుతుంది. ఇప్పుడు గింజ కొనేముందు ఎండిన గాజు సీసాలో గింజలు, పొడి ఉప్పు వేసి బాగా కుదుపుతాను. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ ఎక్కువున్నట్టు, బేరం అక్కడితో సరి. తెచ్చిన బస్తాలు నేల మీద పెట్టం, చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పెడతాం.

డాక్టరుగారు రాసిచ్చిన పాళ్ళు వంద కిలోలకు ఇలా ఉన్నాయి: మొక్కజొన్న 55, సోయా చెక్క 24, నూనె తీసిన తవుడు 9, సున్నపురాయి 10 (అందులో సగం పిండి, సగం పలుకులు), డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేటు) 1. మిగిలిన కిలోలో ఉప్పు 350 గ్రాములు, మెథియోనిన్ (ప్రొటీనులో ఉండే ఒక అమైనో ఆమ్లం), విటమిన్లు, ఖనిజాలు, బైండరు. ప్రొటీను 17 శాతం దగ్గర వస్తుంది. ఇది మా కోళ్ళ వయసుకు, మాకు దొరికే సరుకుకు రాసినది. కోడిపిల్లలకూ ఎదిగే పెట్టలకూ ఇది పెట్టకూడదు. ఇంత కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

వంద గ్రాముల చొప్పున పడే మెథియోనిన్ లాంటివి వంద కిలోల కుప్పలో తిన్నగా పోస్తే ఒక కోడికి అంతా, ఇంకో కోడికి ఏమీ లేకుండా పోతుంది. ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో కలిపి, దాన్ని పది కిలోల్లో కలిపి, అప్పుడు కుప్పలో పోసి పారతో తిరగేస్తాం. మొక్కజొన్న, సోయాల మేతలో ముందుగా తక్కువపడేది మెథియోనినే. అది చాలకపోతే గుడ్డు సైజు పెరగదు, కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి. ఉప్పు మరిచిపోయినా ఆ పొడుచుకోవడమే.

మరలో మరీ మెత్తగా ఆడించకూడదు. కోడి పెద్ద పలుకులు ఏరుకుని తినేసి పొడి వదిలేస్తుంది, విటమిన్లన్నీ ఆ పొడిలోనే ఉంటాయి. అందుకే మధ్యాహ్నం ఒకసారి తొట్టి అడుగు కనిపించేదాకా ఆగి, అప్పుడే కొత్త మేత పోస్తాం. పాత మేత నుంచి కొత్తదానికి ఒక్కసారి మార్చలేదు, వారం పైగా కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాం.

చవక సరుకు మీద ఆశ పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. గునుపురం వైపు పత్తి బాగా పండుతుంది, పత్తిగింజల చెక్క తక్కువకు ఇస్తామన్నారు. దానిలోని గాసిపాల్ అనే పదార్థం వల్ల సొన ఆకుపచ్చగా మారుతుంది, తీసుకోలేదు. ఎండుచేపల పొడి మంచి ప్రొటీనే, కొద్దిగా వాడొచ్చు, ఎక్కువైతే గుడ్డుకు నీచు వాసన వస్తుంది. అజోలా (నీళ్ళ మీద తేలే చిన్న మొక్క) తొట్టి పెట్టాం, కోళ్ళు ఇష్టంగా తింటాయి, కానీ అందులో 90 శాతం పైగా నీళ్ళే కాబట్టి సోయాకు బదులు కాదు. కొనేవాళ్ళలో కొందరు సొన రంగు చూసి మెచ్చుకుంటున్నారు. పసుపు మొక్కజొన్నలోనూ ఆకుల్లోనూ ఉండే రంగు పదార్థాల వల్ల వచ్చేదే అది. దాన్ని బట్టి గుడ్డు బలం చెప్పలేమని వాళ్ళకూ చెప్తున్నాను.

గోడ మీది పుస్తకంలో ఇప్పుడు గుడ్ల లెక్క పక్కన ఇంకా గడులు గీశాను: తిన్న మేత, పల్చటి పెంకులు, పది గుడ్ల బరువు. మేత తినడం ఒక్కరోజు తగ్గినా ఆ సాయంత్రమే తెలుస్తుంది, గుడ్ల అంకెకు అది తెలియడానికి చాలా రోజులు పడుతుంది.

మావయ్యగారి మాట కూడా పక్కన పెట్టలేదు. మొక్కజొన్నలో పది కిలోలు తగ్గించి ఆ చోట చోళ్ళు వేసి, కాల్షియం పాళ్ళు అలాగే ఉంచి, ఒక్క గదిలో కోళ్ళకే పెట్టి చూడొచ్చని డాక్టరుగారు ఒప్పుకున్నారు. సొన రంగు కాస్త తగ్గుతుందన్నారు. సంతలో చోళ్ళు కొత్త పంట దిగగానే మొదలుపెడతాం.