121వ ఓటమి చూద్దామని వచ్చిన జనం మధ్య

షికాగో డౌన్‌టౌన్‌లో రెడ్ లైన్ రైలెక్కి దక్షిణం వైపు వెళ్తే, హైవే నడిమధ్యలో ఒక స్టేషన్ వస్తుంది. పేరు సాక్స్–35. మెట్లెక్కి వంతెన మీదికి వస్తే పడమటి పక్క వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు స్టేడియం, తూర్పు పక్క ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. మన తెలుగు పిల్లలు ఎం.ఎస్. చేయడానికి వచ్చే కాలేజీల్లో అదొకటి. నా మేనల్లుడూ అక్కడే చదువుతున్నాడు. రాత్రిళ్లు గదిలో కూర్చుని చదువుకుంటుంటే స్టేడియంలో బాణసంచా మోత వినిపించేదట. ఏమిటా అని ఒకరోజు వెళ్లాడు. ఇక అంతే, ఆ జట్టుకి అతుక్కుపోయాడు. వాడు అతుక్కున్న జట్టు అమెరికా బేస్‌బాల్ ఆధునిక చరిత్రలోనే అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిపోయే దారిలో ఉండేది అప్పుడు.

2024 సెప్టెంబర్ 24, మంగళవారం సాయంత్రం ఇద్దరం వెళ్లాం. అప్పటికి వైట్ సాక్స్ 120 ఓడింది. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓటములతో పెట్టిన రికార్డుతో సమానం. ఇంకొక్కటి ఓడితే చెత్త రికార్డు పూర్తిగా వీళ్లదే అవుతుంది. అవతల లాస్ ఏంజిలెస్ ఏంజెల్స్.

మనకి ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లు. బాగా ఆడకపోయినా రెండు నెలల్లో పీడ విరగడైపోతుంది. బేస్‌బాల్‌లో 162. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబర్ ఆఖరు దాకా దాదాపు రోజూ ఆటే. ఓడిన మర్నాడు మళ్లీ బూట్లు కట్టుకుని దిగాలి. ఈ జట్టు మొదటి 25 మ్యాచ్‌ల్లో గెలిచింది మూడే. మే, జూన్‌లలో వరసగా 14 ఓడింది. జులై 10 నుంచి ఆగస్టు 5 దాకా ఏకంగా 21. ఆగస్టు 6న ఓక్లండ్‌లో 5–1తో గెలిచి ఆ వరస తెంచుకుంటే, రెండు రోజులకే మేనేజర్ (అంటే ప్రధాన కోచ్) పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. అన్ని ఓటముల తర్వాత కూడా రేపటి ఆటకి బ్యాటు తుడుచుకునే మనిషి గుండె ఎలా ఉంటుందో నాకు ఊహకందలేదు. అందుకే వెళ్లాలనిపించింది.

లోపలికి వెళ్లే ముందు మావాడు రోడ్డుకి ఉత్తరాన ఉన్న పార్కింగ్ స్థలంలోకి తీసుకెళ్లాడు. 1910 నుంచి 1990 దాకా పాత కొమిస్కీ పార్క్ అక్కడే ఉండేది. దాన్ని కూల్చేశారు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ ఎక్కడుండేదో గుర్తుగా నేలలో ఒక పలక పొదిగారు. అటూ ఇటూ మైదానం గీతలు తారు మీద రంగుతో గీసి ఉన్నాయి. ఆ గీతల మీదే కార్లు ఆపుకున్నారు. ఒక తాత, పక్కన మనవరాలు. ఆ పిల్లని పలక మీద నిలబెట్టి, ఉత్తుత్తి బ్యాటు ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. మేం కాసేపు పక్కకి జరిగి నిలబడ్డాం.

నాకు మనసులో గుచ్చుకున్న సంగతి అక్కడే మొదలైంది. 1962 మెట్స్ అప్పుడే పుట్టిన జట్టు. మిగతా జట్లు వద్దనుకున్నవాళ్లని ఏరుకొచ్చి ఆడించారు కాబట్టి ఓడిపోవడంలో వింత లేదు. వైట్ సాక్స్ అలాంటిది కాదు. అక్కడి రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ మొదలైనప్పటి నుంచీ ఉన్న జట్టు. 2005లో బేస్‌బాల్ ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది. గేటు బయట దాని స్మారకం ఉంది, చుట్టూ అభిమానుల పేర్లు చెక్కిన ఇటుకలు పరిచారు. అంతదాకా ఎందుకు, 2021లో 93 మ్యాచ్‌లు గెలిచి తన డివిజన్‌లో (ఐదు జట్ల గుంపు) మొదటి స్థానంలో నిలిచింది. మూడేళ్లలో ఇంత పాతాళానికి ఎలా పడింది? 2024 సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు మంచి పిచర్ (బంతి విసిరేవాడు) డిలన్ సీజ్‌ని శాన్ డియేగో జట్టుకి ఇచ్చేశారు. ఏప్రిల్ సగం కాకముందే ముఖ్యమైన బ్యాటర్లు హిమెనెజ్, రాబర్ట్, మోంకాడా ముగ్గురూ గాయాలతో పక్కకెళ్లారు. వాళ్ల జాగాలో దింపడానికి తగినవాళ్లు వెనక లేరు. జులైలో పనికొచ్చే ఇంకొందరిని కూడా వేరే జట్లకి పంపేశారు. ఇవన్నీ పైన కూర్చున్నవాళ్ల నిర్ణయాలు. వాటి ఫలితం మాత్రం రోజూ సాయంత్రం మైదానంలో ఉన్న కుర్రాళ్ల మెడకి చుట్టుకుంది. ఆ ఏడాది గారెట్ క్రోషే అనే పిచర్ 146 ఇన్నింగ్స్‌లో (మామూలుగా మ్యాచ్‌కి తొమ్మిది) 209 మందిని స్ట్రైకవుట్ చేశాడు, అంటే తన బంతులతోనే అవుట్ చేశాడు, ఆల్‌స్టార్ జట్టుకి ఎంపికయ్యాడు. బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటముల్ని పిచర్ పేరునా రాస్తారు. అయినా అతని ఖాతాలో 6 గెలుపులు, 12 ఓటములు. ఇంతకంటే ఏం చేయాలి ఆ మనిషి?

లోపల మొక్కజొన్న తప్పకుండా తినాలన్నాడు మావాడు. ఎలోటె అంటారు, మెక్సికన్ల వంటకం. పొత్తు నుంచి గింజల్ని కత్తితో అప్పటికప్పుడు కోసి కప్పులో వేసి, వెన్న, మయొనైజ్, చీజ్, కారప్పొడి, నిమ్మరసం కలిపి ఇచ్చారు. కారం మనకి సరిపోయేంత ఉంది. అది తింటూ కింది డెక్‌లో కూర్చున్నాం. ఎదురుగా స్కోర్‌బోర్డు మీద రంగురంగుల చక్రాలు. వీళ్లు హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొడితే, మ్యాచ్ గెలిస్తే అక్కడి నుంచి బాణసంచా లేస్తుంది. ఆ ఏడాది సొంత గడ్డ మీద గెలుపు బాణసంచా చాలా అరుదు.

పదిహేడు వేల పైచిలుకు జనం వచ్చారు. చాలామంది రికార్డు పడితే కళ్లారా చూద్దామని వచ్చినవాళ్లే. మా ముందు వరసలో ఇద్దరు ఆ మాట పైకే అనుకున్నారు. మావాడి ముఖం మాడిపోయింది. “చావు చూడ్డానికొచ్చారు మామయ్యా” అన్నాడు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. ఇంతకాలం ఓటమి మింగినవాళ్లు, దానికి ఒక పేరైనా వస్తే చూద్దామనుకోవడంలో తప్పేముంది?

ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 0–2. ఆ సీజన్‌లో ఏడో ఇన్నింగ్స్ ముగిసేసరికి వెనకబడి ఉన్న మ్యాచ్‌ని ఈ జట్టు ఒక్కటంటే ఒక్కటి కూడా తిప్పుకోలేదు. అరుపులు మొదలయ్యాయి: “సెల్ ద టీమ్! సెల్ ద టీమ్!” 1981 నుంచీ యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్‌ని జట్టు అమ్మేసి పొమ్మని. మావాడూ గొంతు కలిపాడు. నేనొకటి గమనించాను. అరుపు అయిపోగానే, బ్యాటర్ వస్తుంటే అదే జనం చప్పట్లు కొట్టారు. ఎవరి మీద కోపమో, ఎవరి మీద ప్రేమో వాళ్లకి స్పష్టంగా తెలుసు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కథ మారింది. ఒక పరుగు, ఇంకో పరుగు, స్కోరు సమం. తర్వాత ఆండ్రూ బెనింటెండీ కొట్టిన దెబ్బకి మూడోది. 3–2! రికార్డు చూడ్డానికొచ్చిన ముందు వరస ఇద్దరూ లేచి నిలబడి కేకలు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొత్తం ఎవరూ కూర్చోలేదు. నాకూ టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ఆఖరి అవుట్ పడగానే స్టేడియం హోరెత్తింది. మావాడు నన్ను వాటేసుకున్నాడు. ప్లేఆఫ్ లేదు, పరువు లేదు, జట్ల పట్టికలో స్థానమేమీ మారదు. ఒక్క మ్యాచ్ గెలిచారు, అంతే. ఆ గెలుపు అంత పెద్దగా నేనెక్కడా చూడలేదు.

మర్నాడు పది ఇన్నింగ్స్ ఆడి 4–3తో గెలిచారు. గురువారం 7–0. సొంత ఊళ్లో ఆ రికార్డు పడనివ్వలేదు! చివరికి శుక్రవారం రాత్రి డెట్రాయిట్‌లో 1–4తో ఓడారు. 121. అదే మ్యాచ్‌తో డెట్రాయిట్ టైగర్స్ 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్‌కి చేరింది. ఒకే మైదానంలో ఒకళ్లు ఎగిరి గంతులేస్తుంటే ఇంకొకళ్లు తలవంచుకుని వెళ్లారు. సీజన్ 41 గెలుపులు, 121 ఓటములతో ముగిసింది.

ఇంత ఓడినవాళ్లకి కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశమైనా దక్కాలి కదా అనుకున్నాను. అదీ లేదు. ఆదాయంలో వాటా అందుకోని పెద్ద నగరాల జట్లు డ్రాఫ్ట్‌లో మొదటి అవకాశాలు ఎవరికో తేల్చే లాటరీలో వరసగా రెండేళ్లు ఉండకూడదని నిబంధన. దాంతో 2025లో వాళ్ల వంతు పదోది. కావాలని ఓడిపోయే జట్లని ఆపడానికి పెట్టిన రూలది, సబబే. కానీ శిక్ష మళ్లీ అభిమానికే పడింది. డిసెంబర్‌లో క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేశారు. 2025లో 60 గెలిచి 102 ఓడారు. యాజమాన్యం మారడానికి ఒప్పందమైతే కుదిరింది, పగ్గాలు చేతులు మారేది మాత్రం 2029కి ముందు కాదు.

షికాగో వెళ్లే మనవాళ్లు మిలీనియం పార్కు, లేక్ మిషిగన్, అరోరా బాలాజీ గుడి ఎలాగూ చూస్తారు. వేసవిలో వెళ్తే ఒక సాయంత్రం సాక్స్–35లో దిగండి. మ్యాచ్‌కి గంట ముందే వెళ్లి పార్కింగ్‌లో ఆ పలక వెతుక్కోండి. కింది డెక్ టికెట్టే తీసుకోండి. రెండు పరుగులు వెనకబడి ఉన్నారనో, ఐదు పరుగులు వెనకబడి ఉన్నారనో ఏడో ఇన్నింగ్స్‌లో మాత్రం లేచి రావొద్దు.